చిన్న విమానము - సన్నని పని

కోరుకొండ గ్రామమున నిలిచి పైకి చూచినవానికి కొండమీది లక్ష్మీనరసింహస్వామి ఆలయము ఆకాశమున గీచిన రేఖవలె కనబడును. మెట్లెక్కి పైకి చేరిన పిమ్మట గాని శిల్పులు ఱాతిలో చెక్కిన సన్నని పని కంటికి రాదు. దూరమునకు ఆకారము, దగ్గఱకు వివరము. నమూనా విమానములు చేయువారు ఈ ధర్మమును బాగుగా ఎఱుగుదురు.

కోరుకొండకు సమీపముననే మధురపూడియందు రాజమహేంద్రవరపు విమానాశ్రయము కలదు. అచ్చట దిగు విమానములలో ఏ.టి.ఆర్. 72 యొకటి. దాని పొడవు 27 మీటర్లకు కొంచెము ఎక్కువ. దానిని 72వ వంతునకు తగ్గించినచో నమూనా 38 సెం.మీ.కు మించదు. ఆరడుగులనగా 72 అంగుళములు గదా! కావున ఈ కొలతలో ఆరడుగుల మనుష్యుడు సరిగా ఒక అంగుళమగును.

ఈ కొలతతో ఒకప్పుడు ప్రాణరక్షణకే పని పడినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. వచ్చుచున్న విమానము ఎవరిదో క్షణములో పోల్చుకొనలేని కావలివాడు శత్రువును దాటనిచ్చును, లేదా తనవారినే కాల్చును. యుద్ధము చేయు దేశములన్నిటికిని ఇదే చిక్కు. ఆ సంవత్సరముననే అమెరికా నౌకాదళము తమ దేశపు ఉన్నత పాఠశాలల విద్యార్థులను 72వ వంతు నమూనాలు ఐదు లక్షలు చేసియిమ్మని కోరినది. అవి నల్లరంగు పూసిన కొయ్యబొమ్మలు. 35 అడుగుల దూరమున పట్టిన నమూనా, రమారమి అర మైలు దూరమునందలి నిజవిమానమువలె కనబడును. అంత దూరమున రెక్కల తీరు, తోక వాటము తప్ప వేఱొండు తెలియదు. కనుక సన్నని పనితో వారికి నిమిత్తము లేకపోయెను. ఆకారము మాత్రము తప్పరాదు.

బల్లమీది నమూనా సంగతి వేఱు. దానిని జానెడు దూరమునుండి చూతురు. అచ్చులో పోసిన ప్లాస్టిక్ భాగములు మందముగా నుండుట సహజము. రెక్క వెనుకటి అంచు ఒక మి.మీ. మందమున్నచో, అది నిజవిమానమున 72 మి.మీ. - నాలుగు వ్రేళ్ల వెడల్పు! నేర్పరి మొదట గరకు కాగితముతో దానిని పలుచన చేయును. ఏరియల్ తీగకు కుట్టుదారము పనికిరాదు. దాని నూగే దానిని పట్టియిచ్చును. అచ్చు చట్రమున మిగిలిన ప్లాస్టిక్ పుల్లను క్రొవ్వొత్తి సెగకు చూపి, మెత్తబడగనే ఆవలకు తీసి, రెండు కొనలు పట్టి లాగినచో వెండ్రుకవంటి పోగు సాగును. ఇది పెద్దల యెదుట చేయదగిన పని. చక్రముల యొద్ద బ్రేకు గొట్టములకు సన్నని రాగితీగ చాలును. ఐదు సెం.మీ. వెడల్పుగల ఆసనపు పట్టీ నమూనాలో 0.7 మి.మీ. కాగితపు పేలిక. రేకుల అతుకులను సూదితో గీచి, పలుచని ముదురురంగును ఆ గీతలలో పాఱించి, పైకి మిగిలినదానిని తుడిచివేయుదురు.

చేయి తిరిగినవారును పొరపడునది రివెట్ల విషయమున. ఉత్సాహము కొలది అర మి.మీ. చుక్కలు బారులుగా పెట్టుదురు. 72తో హెచ్చించి చూడుడు: ఒక్కొక్కటి 36 మి.మీ., చిన్న నిమ్మకాయంత! ఒంటినిండ నిమ్మకాయలు పొదిగిన విమానమెచ్చటనైన కలదా? ఆరు మి.మీ. రివెట్టు ఈ కొలతలో 0.08 మి.మీ. మాత్రమే. దానిని విడిచిపెట్టుటయే మేలు.

కొన్ని వివరములకు వెలయు లేదు, సామగ్రియు అక్కఱలేదు. ఏ.టి.ఆర్. విమానపు పంకాకు ఆరు రెక్కలు. ఎగురునప్పుడు అవి గాలిని కోయు వాటమున నుండును; నేలపై ఇంజను ఆపిన పిమ్మట అంచు ముందునకు వచ్చునట్లు తిరిగి నిలుచును. చక్రములపై నిలిపిన నమూనాకు ఆ రెక్కలను అట్లే త్రిప్పి అతికించినవాడు, మధురపూడిలో ఆగియున్న విమానమును కన్నులారా చూచి వచ్చినవాడు.