కనిపించని తాళం

చెన్నై–అరక్కోణం రైలుమార్గంలో ఉన్న ఊరు తిరునిన్రవూరు. రాయి, సున్నం లేకుండా మనస్సులోనే శివునికి గుడి కట్టినాడని పెరియపురాణం చెప్పే పూసలార్ నాయనారుది ఈ ఊరే. ఇప్పుడు ఈ ఊరి ఇండ్లలోకి కంటికి కనిపించనిది మరొకటి వచ్చింది. అదే వైఫై.

ఒకనాటి సాయంకాలం ఒక ఇంటిలో చిక్కు వచ్చింది. కళాశాలకు దరఖాస్తు పంపడానికి అక్కకు అదే కడపటి దినం. ముందురోజే తండ్రి వైఫై పాస్‌వర్డును మార్చినాడు. అక్క ఫోనులో వైఫై పేరు కనిపిస్తున్నది గాని కలవడం లేదు.

"నాయనా, పాస్‌వర్డునే తీసివేస్తే పోదా?" అన్నది అక్క.

"తాళంచెవి పట్టడం లేదని వీధితలుపును పెరికివేస్తామా?" అన్నది అవ్వ.

అవ్వ మాట నిజం. తాళం లేని వైఫైలో ఎవరైనా చేరవచ్చు. రహస్యలిపిలోకి మార్చని సమాచారాన్ని పక్కవారు చదవవచ్చు. వైఫైకి మొదట వేసిన తాళం బలహీనమైనదని 2001లో తేలింది. అందువల్ల 2004లో డబ్ల్యు.పి.ఎ.2, 2018లో డబ్ల్యు.పి.ఎ.3 అనే గట్టి తాళాలు వచ్చాయి.

డబ్ల్యు.పి.ఎ.2 తాళంలో ఫోను పాస్‌వర్డును గాలిలోకి పంపదు. రౌటరు ఒక సంఖ్యను పంపుతుంది. ఫోను దానికి తన సంఖ్యను చేర్చి, పాస్‌వర్డుతో లెక్కకట్టి ఫలితాన్ని పంపుతుంది. రౌటరు తానూ ఆ లెక్క చేసి సరిచూస్తుంది. నాలుగు సందేశాలలో ఈ పని ముగుస్తుంది. పాస్‌వర్డులో ఒక్క అక్షరం తప్పినా లెక్క కుదరదు.

తమ్ముడు ఒక్కొక్కటిగా పరీక్షించినాడు. తండ్రి ఫోను కలిసింది. కనుక లోపం రౌటరులో లేదు. అక్క ఫోనులో పాత పాస్‌వర్డే నిలిచి ఉంది. అది మాటిమాటికి పాత చెవితోనే తాళం తీయబోతున్నది! అతడు ఆ వైఫైని 'మరచిపో' అని ఫోనుకు ఆజ్ఞ ఇచ్చినాడు. అక్క కొత్త పాస్‌వర్డును టైపు చేసింది. అయినా కలవలేదు. కంటిగుర్తును నొక్కి చూడగా, సున్నకు బదులు 'ఓ' అనే ఇంగ్లీషు అక్షరం ఉంది. దిద్దగానే ఫోను కలిసింది. దరఖాస్తు వేళకు చేరింది.

అన్ని ఇండ్లలో కారణం ఇదే కానక్కరలేదు. కొన్ని పాత ఫోన్లకు డబ్ల్యు.పి.ఎ.3 తెలియదు. అప్పుడు రౌటరులో రెండు విధాల తాళాలూ పనిచేసే ఏర్పాటును ఎన్నుకోవాలి. కొన్ని ఫోన్లు 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలనే అందుకొంటాయి. 5 గిగాహెర్ట్‌జ్ వైఫై పేరు వాటికి కనిపించనే కనిపించదు. రౌటరును మొదటి స్థితికి తెస్తే దానిలోని ఏర్పాట్లన్నీ చెరిగిపోతాయి. కాబట్టి అది కడపటి ఉపాయం.

లోపం ఎక్కడో తెలియకముందే అన్నిటినీ మార్చరాదు. ఒక్కటి మార్చి, ఫలితం చూచి, తరువాతనే రెండవదానికి పోవాలి. తాళాన్ని తీసివేయడం తెలివి కాదు. సరియైన చెవిని వెదకడమే తెలివి.

ప్రశ్నలు

1. లోపం రౌటరులో లేదని తమ్ముడు ఎట్లు తెలుసుకొన్నాడు?
2. అవ్వ చెప్పిన పోలికను వివరించండి.
3. పాస్‌వర్డులో ఒక్క అక్షరం తప్పినా ఫోను ఎందుకు కలవదు?