రాత్రి రెండింటికి సర్వర్‌లో ఏం జరిగింది?

‘రాత్రి రెండు గంటలకు సర్వర్ బాగా స్లో అయింది. పొద్దున మీరు డ్యూటీకి వచ్చేసరికి అంతా మామూలుగానే ఉంది. కారణం ఎలా పట్టుకుంటారు?’ లైనక్స్ అడ్మిన్ ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఇలాంటి ప్రశ్నకు సిద్ధపడి వెళ్లాలి. ‘టాప్ కమాండ్ కొట్టి చూస్తాను’ అంటే సరిపోదు. టాప్ ఈ క్షణం సంగతే చెబుతుంది. జరిగిపోయింది తెలియాలంటే అంకెలు అప్పుడే నమోదై ఉండాలి. ఆ నమోదు చేసేదే సిస్‌స్టాట్ ప్యాకేజీ.

గ్రఫానా, ప్రొమీథియస్ లాంటి మానిటరింగ్ టూల్స్ నేర్చుకోవాల్సినవే. కానీ అమీర్‌పేటలో కోర్సులో చేరినా, ఇంట్లో వీడియోలు చూసి నేర్చుకున్నా, ముందు సిస్‌స్టాట్‌పై పట్టు సాధించండి. డాష్‌బోర్డు తెరుచుకోని రోజున చేతిలో మిగిలేది ఎస్‌ఎస్‌హెచ్ నల్ల తెర ఒక్కటే.

ఉబుంటులో ఇన్‌స్టాల్ చేయగానే పని అయిపోయిందనుకోవద్దు. చాలా వెర్షన్లలో డేటా సేకరణ ఆపేసి ఉంటుంది. ‘/ఈటీసీ/డిఫాల్ట్/సిస్‌స్టాట్’ ఫైల్‌లో ఎనేబుల్డ్ అన్నచోట ‘ఫాల్స్’ తీసి ‘ట్రూ’ పెట్టి, సిస్టమ్‌సీటీఎల్‌తో సర్వీసును ఎనేబుల్ చేసి, రీస్టార్ట్ చేయాలి. అక్కణ్నుంచి మామూలుగా 10 నిమిషాలకోసారి లెక్కలు ‘/వార్/లాగ్/సిస్‌స్టాట్’లో చేరతాయి. రెడ్‌హ్యాట్‌లో అయితే ‘/వార్/లాగ్/ఎస్‌ఏ’లో. రెండు నిమిషాల్లో వచ్చిపోయే కుదుపు 10 నిమిషాల సగటులో కలిసిపోతుంది కాబట్టి, కీలకమైన సర్వర్లలో టైమర్ వ్యవధి తగ్గిస్తారు.

ఇక ఆ లెక్కలను సిస్‌స్టాట్‌లోని ‘సార్’ కమాండ్‌తో చదవడం. అసలు నైపుణ్యం ఇక్కడే. ‘సార్ -క్యూ’ కొడితే లోడ్ యావరేజ్ కనబడుతుంది. అది ఎక్కువగా ఉంది కదా అని సీపీయూ మీద నేరం మోపకండి. లైనక్స్ డిస్కు కోసం ఆగిపోయిన ప్రాసెస్‌లను కూడా లోడ్‌లో కలుపుతుంది. ‘సార్ -యు’లో యూజర్ శాతం తక్కువగా ఉండి ఐఓవెయిట్ పెరిగితే డిస్కు వైపు చూడాలి. ‘సార్ -డి’లో అవెయిట్, అంటే డిస్కు జవాబుకు పట్టే సమయం, ఎంతుందో చూస్తే అనుమానం తీరుతుంది. స్టీల్ అనే కాలమ్ పెరిగితే మీ వర్చువల్ మెషీన్‌కు రావాల్సిన సీపీయూ సమయం పక్క మెషీన్లకు పోతోందన్నమాట. క్లౌడ్ సర్వర్లలో ఈ కాలమ్‌ను చూడకుండా వదలకూడదు.

సరైన రోజు ఫైల్ తెరవడం ఇంకో సంగతి. చాలా క్లౌడ్ సర్వర్ల గడియారం యూటీసీలో నడుస్తుంది. మనకు 15వ తేదీ తెల్లవారుజాము 2 గంటలంటే అక్కడ 14వ తేదీ రాత్రి 8.30. అంటే తెరవాల్సింది 14వ తేదీ ఫైల్ ‘ఎస్‌ఏ14’. ఇంటర్వ్యూలో ఈ మాట చెప్పిన అభ్యర్థి నిజంగా సర్వర్ మీద కూర్చున్నవాడని వినేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

సాధనకు ఖర్చేమీ లేదు. పాత ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టి ఉబుంటు సర్వర్ వేసుకోండి. స్ట్రెస్-ఎన్‌జీతో ఒకరోజు సీపీయూను, ఇంకోరోజు డిస్కును ఒత్తిడికి గురిచేసి, మర్నాడు రికార్డులు మాత్రమే చూసి ఏ రోజు ఏం జరిగిందో చెప్పండి. రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష కూడా పూర్తిగా మెషీన్ మీద చేసి చూపించేదే. ఇంటర్నెట్ ఉండదు, మ్యాన్ పేజీలే దిక్కు. అందుకే ఆప్షన్లు మర్చిపోయినప్పుడు గూగుల్‌కు బదులు ‘మ్యాన్ సార్’ తెరవడం ఇప్పుడే అలవాటు చేసుకోండి. సిస్‌స్టాట్‌లోనే ఉండే ‘సాడ్‌ఎఫ్ -జి’ కమాండ్ ఈ రికార్డులను గ్రాఫ్‌గా మార్చి ఇస్తుంది. ఆ గ్రాఫ్ పక్కన మీ విశ్లేషణను నాలుగు వాక్యాల్లో రాసి గిట్‌హబ్‌లో పెట్టి, లింకును రెజ్యూమెలో ఇవ్వండి.