ధర కవరు విప్పకముందే

కోల్‌కతా భవానీపూర్‌లో మావాళ్ల పిల్లలు కొందరు ఈమధ్య ప్రభుత్వ కొనుగోళ్ల సెక్షన్లలో చేరారు. "తక్కువ కోట్ చేసిన ఎల్‌1కి ఇచ్చేయడమేగా బాబాయ్" అంటారు. టెండరు ఫైళ్ల మధ్యే జుట్టు నెరిసినవాణ్ణి, వాళ్లకోసం ఇది రాస్తున్నాను.

1. గెలుపోటములు సగం అవసరాలు రాసిన కాగితంలోనే తేలిపోతాయి. వీవీఐపీ హెలికాప్టర్ల సంగతే తీసుకోండి. మొదట 6,000 మీటర్ల ఎత్తున ఎగరాలన్నారు, ఒక్క కంపెనీయే మిగిలింది. పోటీ పెరగాలని దాన్ని 4,500కు దించారు. మంచిదే. కానీ క్యాబిన్ ఎత్తు 1.8 మీటర్లు ఉండి తీరాలని పెట్టారు. చివరికి మళ్లీ ఒక్కటే మిగిలిందని 2013లో కాగ్ తప్పుపట్టింది. 12 హెలికాప్టర్లకు 2010లో కుదిరిన ఒప్పందం 2014 జనవరి 1న రద్దయింది. కాబట్టి ప్రతి కొలత పక్కనా అది ఎందుకో, ఎవరు అడిగారో రాయించండి.

2. కొనేదాన్నే పరీక్షించండి, వాడే చోటే పరీక్షించండి. మా జదుబాబు బజారులో మొప్ప ఎత్తి చూడందే చేప కొనం కదా! ఆ హెలికాప్టర్లకు పరీక్షలు విదేశంలో, అదే మోడల్ కాని వాటిమీద జరిగాయి. 126 యుద్ధవిమానాల టెండరులో మాత్రం ఆరు కంపెనీల విమానాలనూ బెంగళూరులో, జైసల్మేర్ ఎండలో, లేహ్ చలిలో ఎగరేసి చూశారు. నాకు గర్వంగా అనిపించే పని అది.

3. టెక్నికల్ కవరు ముందు, ధర కవరు తర్వాత. పరీక్షల్లో నెగ్గనివాళ్ల ధర కవరు విప్పనే కూడదు.

4. ఎల్‌1 తేలితే పని అయిపోయినట్టు కాదు. ఆ 126కు 2007లో టెండరు పిలిస్తే 2012 జనవరిలో ఫ్రాన్స్ విమానం రఫేల్ ఎల్‌1గా వచ్చింది. బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో తయారు కావలసిన 108 విమానాలకు పూచీ ఎవరిదన్న దగ్గర బేరం చిక్కుకుంది. 2015లో టెండరే వెనక్కి తీసుకున్నారు. 2016లో ఫ్రాన్స్ ప్రభుత్వంతో నేరుగా 36కు సంతకాలయ్యాయి. మన బెంగాల్‌లోని హాసీమారా వైమానిక స్థావరానికి అవి చేరేసరికి 2021. బాధ్యతల సంగతి టెండరు పత్రంలోనే తేల్చాలి.

5. ఆలస్యాన్ని పైలట్లు భరిస్తారు. 2009లో మెదక్ జిల్లాలో హెచ్‌పీటీ-32 శిక్షణ విమానం కూలి ఇద్దరు శిక్షకులు పోయారు. ఆ రకాన్నే ఎగరనివ్వకుండా ఆపేశారు. దాని స్థానంలో 75 పిలాటస్ విమానాలకు 2012 మేలో ఒప్పందమైంది. పోటీలో ఓడిన కొరియా కంపెనీ అభ్యంతరం చెప్పినా రక్షణ శాఖ నిర్ణయం మారలేదు. 2013లో దుండిగల్ వైమానిక అకాడమీలో కుర్రాళ్లు వాటిమీద శిక్షణ మొదలుపెట్టారు.