చిన్న పెట్టె వెనుక పెద్ద వంటశాల

ఇంటి మూలన దీపాలు మినుకుమంటూ ఉండే ఇంటర్నెట్ రౌటర్‌ను కంప్యూటర్‌గా భావించేవారు తక్కువ. అయితే అనేక రౌటర్లలో నడుస్తున్నది 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్‌లో ఆరంభించిన లినక్సే. దానిని అంత చిన్న పెట్టెలో ఇమిడ్చే విధానం ఆసక్తికరమైనది. ఏళ్ల తరబడి దానిని కాపాడుకొనే విధానం అంతకంటె క్లిష్టమైనది.

2002 చివరలో వెలువడిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ తొలి రౌటర్లలో ఫ్లాష్ మెమరీ 4 మెగాబైట్లు, ర్యామ్ 16 మెగాబైట్లు మాత్రమే. అంత ఇరుకులో కంపైలర్‌కు చోటెక్కడిది? అందుచేత రౌటర్ చిప్‌కు తెలిసిన యంత్రభాషలో ప్రోగ్రాములను పెద్ద కంప్యూటర్ మీద సిద్ధపరచి పెట్టెలోకి ఎక్కిస్తారు. దీనినే క్రాస్ కంపైలేషన్ అంటారు. జీపీఎల్ లైసెన్సు షరతు మేరకు 2003లో ఈ రౌటర్ సోర్స్ కోడ్ బయటికి వచ్చింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది.

కెర్నెల్ మొదలుకొని చిన్న చిన్న ప్రోగ్రాముల వరకు అన్ని భాగాలను వరుస తప్పకుండా కూర్చే యంత్రాంగమే బిల్డ్ సిస్టమ్. బిల్డ్‌రూట్, 2010లో లినక్స్ ఫౌండేషన్ ప్రకటించిన యోక్టో ఈ కోవకు చెందినవి. యోక్టోలో ఒక్కొక్క భాగం తయారీ విధానాన్ని తెలిపే ఫైలు పేరు రెసిపీ. వాటిని నడిపే ప్రోగ్రాము పేరు బిట్‌బేక్. సముచితమైన పేర్లే! అమ్మమ్మ చెప్పిన కొలతలతోనే ఆవకాయ పెట్టినా పరదేశంలో ఆ రుచి రాదు. కాయ వేరు, కారం వేరు. కంప్యూటర్ రెసిపీలోనైతే "తగినంత" అనే మాట చెల్లదు. సోర్స్ ఎక్కడిది, ఏ వెర్షన్, దానికి ముందు ఏవి తయారు కావాలి అన్నీ రాసి ఉండాలి. దిగుమతి చేసుకొన్న ఫైలు మారలేదని నిర్ధారించే షా-256 సంఖ్య కూడా ఉండాలి.

ఇంత రాసినా సోర్స్ ఉన్నచోటే ఉంటుందన్న హామీ లేదు. 2016లో గూగుల్ కోడ్ సేవ మూతపడింది. అక్కడి చిరునామాలు గల రెసిపీలను సవరించవలసి వచ్చింది. సొంత నకలు దాచుకోవడం అనుభవజ్ఞుల అలవాటు.

ఈ శ్రమ విలువ 2014 ఏప్రిల్‌లో తెలిసింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. ఎదుటి యంత్రం మెమరీలోని రహస్యాలను దూరం నుంచే చదివే వీలు అది కల్పించింది. మందు 1.0.1జీ వెర్షన్. బిల్డ్ సిస్టమ్ సజీవంగా ఉంటే రెసిపీలో వెర్షన్, షా సంఖ్య మార్చి, తిరిగి నిర్మించి, పరీక్షించి పంపవచ్చు. పాత కంపైలర్ ఎవరో వదిలివెళ్లిన ఒక్క కంప్యూటర్‌లోనే ఉండి, అదీ పాడైతే, మందు తెలిసినా పెట్టెకు చేర్చే దారి లేదు.

మార్పు ప్రతిసారీ ఇంత సులువు కాదు. 2016లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.0 తన అంతర్నిర్మాణాన్ని మరుగుపరచడంతో, దానిని నేరుగా తాకే పాత ప్రోగ్రాములు కంపైల్ కాలేదు. పాత 1.0.2కు ఉచిత మద్దతు 2019తో ముగిసింది. ఐదేళ్లు ఆగి ఒక్కసారిగా మార్చేవారికి ఇటువంటి చిక్కులన్నీ ఒకేరోజు ఎదురవుతాయి. బిల్డ్‌రూట్ మూడు నెలలకొక విడుదల చేస్తుంది. దానితో పాటు కొద్దికొద్దిగా నడవడమే చవక.

ఇక 2038 జనవరి 19న, 1970 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కించే యంత్రాల గడియారం తిరగబడుతుంది. లినక్స్ కెర్నెల్ 5.6, మజిల్ లైబ్రరీ 1.2 రెండూ 2020లోనే దీనికి సిద్ధమయ్యాయి. అయితే పాత 32 బిట్ల పెట్టెలలో కాలాన్ని వాడే ప్రోగ్రాములన్నిటినీ తిరిగి కంపైల్ చేయవలసి ఉంటుంది.