స్టీరింగ్ వెనుక రెండు రెక్కలు: ప్యాడిల్ షిఫ్టర్లు ఎందుకు, ఎప్పుడు?

కొత్త కారు కొనేటప్పుడు ఆటోమేటిక్ గేర్లవైపు మొగ్గు చూపేవారు మన కుటుంబాల్లోనూ పెరుగుతున్నారు. ట్రాఫిక్‌లో మాటిమాటికీ క్లచ్ తొక్కే బాధ తప్పుతుంది కదా! ఇలాంటి కార్లలో కొన్నింటికి స్టీరింగ్ చక్రం వెనుక, వేళ్లకు అందేటట్టు రెండు చిన్న రెక్కలుంటాయి. కుడివైపు ప్లస్, ఎడమవైపు మైనస్ గుర్తు. వీటినే ప్యాడిల్ షిఫ్టర్లు అంటారు. షోరూమ్‌లో "స్పోర్టీ ఫీచర్ సార్" అని ఒక్క మాటలో చెప్పి వదిలేస్తారు. ఇంటికి తెచ్చుకున్నాక చాలామంది వాటి జోలికే పోరు. గేర్లు వాటంతటవే మారుతుంటే ఇవెందుకు? అడగవలసిన ప్రశ్నే. ఇంటిల్లిపాదితో ఘాట్ రోడ్డు దిగే రోజున దీని జవాబు బాగా అక్కరకొస్తుంది.

రేసు కారు నుంచి మన కారు దాకా

1989లో ఫార్ములా వన్ పోటీలకు ఫెరారీ సంస్థ 640 అనే కారును దింపింది. దాన్ని రూపొందించిన జాన్ బర్నార్డ్ గేరు రాడ్డును తీసేసి, స్టీరింగ్ వెనుక రెక్కలు అమర్చాడు. డ్రైవరు చేతులు స్టీరింగ్ వదలనక్కర్లేకుండా చేయడమే అందులోని లాభం. ఆ కారు తన మొదటి పోటీలోనే, బ్రెజిల్‌లో, నైజెల్ మాన్సెల్ చేతిలో గెలిచింది. 1997లో ఫెరారీ ఎఫ్355తో ఈ పద్ధతి మామూలు రోడ్డు మీదికి వచ్చింది. నేడు మారుతి బ్రెజా, ఎర్టిగా ఆటోమేటిక్ మోడళ్లలోనూ ఈ రెక్కలున్నాయి.

రెక్క లాగితే ఏం జరుగుతుంది?

ప్యాడిల్ అంటే ఒక విద్యుత్ స్విచ్ మాత్రమే. దానికీ గేరుబాక్సుకీ మధ్య కడ్డీ గానీ తీగె లాగే ఏర్పాటు గానీ ఉండదు. రెక్కను మనవైపు లాగగానే గేరుబాక్సును నడిపే చిన్న కంప్యూటరుకు ఒక సంకేతం వెళుతుంది. కుడి రెక్క లాగితే పై గేరు, ఎడమ రెక్క లాగితే కింది గేరు కావాలని అడిగినట్టు.

మన బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇది మేకర్–చెకర్ పద్ధతి. డ్రైవరు మేకర్, కంప్యూటరు చెకర్. కారు వేగం, ఇంజిన్ తిరిగే వేగం చూసి, సబబుగా ఉంటేనే అది ఆమోదిస్తుంది. సాధారణ టార్క్ కన్వర్టర్ గేరుబాక్సులో అప్పుడు విద్యుత్ వాల్వులు తెరుచుకుని, నూనె ఒత్తిడితో లోపలి క్లచ్చుల్లో ఒకటి వదులుతుంది, మరొకటి పట్టుకుంటుంది. గేరు మారుతుంది.

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉండగా ఎవరైనా రెండో గేరు అడిగారనుకోండి. ఇంజిన్ హద్దు మీరి తిరగాల్సి వచ్చే పరిస్థితి ఉంటే కంప్యూటరు ఆ కోరికను తిరస్కరిస్తుంది. కారు ఆగినప్పుడు మనం అడగకపోయినా మొదటి గేరుకు తనే తెస్తుంది. అందువల్ల "పొరపాటున లాగితే గేరుబాక్సు పాడవుతుందేమో" అన్న భయం అక్కర్లేదు.

గేరుబాక్సు రకాన్నిబట్టి స్పందన మారుతుంది. డ్యూయల్ క్లచ్ రకంలో రాబోయే గేరు ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి మార్పు చురుగ్గా జరుగుతుంది. సీవీటీలో అసలు గేరు చక్రాల మెట్లే ఉండవు. బెల్టు, పుల్లీలు కొన్ని నిర్ణీత స్థానాల్లో నిలిచి గేర్లు ఉన్నట్టు ప్రవర్తిస్తాయి.

డి స్థానంలో ఉండగా రెక్క లాగితే చాలా కార్లలో ఆ గేరు కాసేపే నిలిచి, తర్వాత కారు మళ్లీ ఆటోమేటిక్‌కు వెళ్లిపోతుంది. గేరు నిలకడగా ఉండాలంటే లివరును ముందుగా మాన్యువల్ స్థానానికి మార్చాలి.

ఘాట్ రోడ్డు లెక్క

తిరుమల కొండ నుంచి తిరుపతికి దిగేటప్పుడు ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులు, సామాను కలిపి 1,500 కిలోల బరువున్న కారు అంత ఎత్తు దిగితే వెలువడే శక్తి దాదాపు 3 యూనిట్ల కరెంటుతో సమానం. 30 డిగ్రీల వద్ద ఉన్న 35 లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవడానికి అది సరిపోతుంది. గాలి, టైర్ల రాపిడి కొంత తీసుకుంటాయి. మిగిలిన భారమంతా బ్రేకుల మీద పడితే అవి విపరీతంగా వేడెక్కుతాయి. ప్యాడ్ల పట్టు సడలుతుంది. వేడి మరీ పెరిగితే బ్రేకు ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది గానీ కారు ఆగదు.

ఇక్కడే ఎడమ రెక్క పని. యాక్సిలరేటరు వదిలేసి కింది గేరు వేస్తే ఇంజిన్ చక్రాలను తిప్పదు, చక్రాలే ఇంజిన్‌ను తిప్పాల్సి వస్తుంది. ఆ శ్రమలో కారు వేగం అదుపులో ఉంటుంది. ఉదాహరణకు ఒక కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో నాలుగో గేరులో ఉన్నప్పుడు ఇంజిన్ నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుందనుకుంటే, రెండో గేరులో అది సుమారు రెట్టింపవుతుంది. శబ్దం పెరిగితే కంగారు పడొద్దు. ఇంజిన్ బరువు మోస్తోందని అర్థం. ఆ సమయంలో ఇంధన సరఫరాను కంప్యూటరు సాధారణంగా ఆపేస్తుంది కాబట్టి పెట్రోలు ఖర్చు గురించీ దిగులు లేదు.

డి స్థానంలోనే వదిలేస్తే, పొదుపు కోసం కారు పై గేర్లకు వెళ్లాలని చూస్తుంది. వాలును గుర్తించి గేరు తగ్గించే తెలివి కొన్ని కార్లకు ఉన్నా, ముందున్న మలుపు కనిపించేది డ్రైవరుకే.

దిగేటప్పుడు గుర్తుంచుకోవలసినవి

• వాలు మొదలయ్యే ముందే గేరు తగ్గించండి. వేగం పెరిగాక అడిగితే కంప్యూటరు ఒప్పుకోకపోవచ్చు.

• ఒక్కో గేరు చొప్పున దిగండి. తడి రోడ్డు మీద ఒకేసారి రెండు, మూడు గేర్లు తగ్గిస్తే చక్రాలు జారే ప్రమాదం ఉంది.

• బ్రేకును పూర్తిగా మానేయొద్దు. మలుపు ముందు గట్టిగా, కొద్దిసేపు తొక్కి వదలండి. కాలు ఆనించి ఉంచడమే బ్రేకులకు చేటు.

• ఇంజిన్ పట్టుతో వేగం తగ్గినప్పుడు వెనుక బ్రేకు లైటు వెలగదు. వెనుక వాహనం దగ్గరగా ఉంటే పెడల్‌ను తేలికగా తాకి హెచ్చరించండి.

• న్యూట్రల్‌లో దిగడం ఎన్నడూ వద్దు.

ఇంజిన్ లేని ఎలక్ట్రిక్ కార్లలో కొన్నింటికీ ఈ రెక్కలున్నాయి. టాటా నెక్సాన్ ఈవీ 2023 మోడల్‌లో వీటితో రీజెనరేషన్ స్థాయిని మార్చుకోవచ్చు. అప్పుడు మోటారే జనరేటరుగా పనిచేసి కారును నెమ్మదింపజేస్తూ, దిగే శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీకి చేరుస్తుంది.

వీటి కోసమే ఖరీదైన వేరియంట్ కొనాలా?

కేవలం వీటి కోసమైతే అవసరం లేదు. రెక్కలు లేని చాలా ఆటోమేటిక్ కార్లలో లివరును మాన్యువల్ స్థానానికి జరిపో, ఎల్ లేదా 2 స్థానంలో ఉంచో ఇదే పని చేయవచ్చు. మీ కారులో ఏ ఏర్పాటు ఉందో యజమాని పుస్తకంలో ఉంటుంది. లేనిదల్లా చేతికి అలవాటే. ఒక ఆదివారం ఉదయం ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంలో రెండు రెక్కలూ లాగి చూడండి. ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరిచేతా చేయించండి. కొండ మీదికి వెళ్లే రోజుకు ఆ పని చేతికి వచ్చి ఉండాలి.