కాలానుగుణమైన వంట – ఇంటి సరుకులతో శుభ్రత

వేసవి నడుమ కాలీఫ్లవరు కొనదలచిన గృహిణి శీతకాలపు వెలకంటె చాల హెచ్చు సొమ్ము చెల్లింపవలసి వచ్చును. ఆ పువ్వు చల్లని ప్రదేశములనుండి దూరప్రయాణము చేసి, సగము వాడిన తరువాత బజారునకు చేరును. అదే దినములలో అదే బజారున సమీప గ్రామములనుండి ఉదయము కోసి తెచ్చిన బీర, పొట్ల, సొర, దోసకాయలు కుప్పలుగా పడియుండును. ఆ కుప్పలయొద్ద నిలిచి కొనుట లేమికి గుర్తని తలచువారు కొందరు కలరు. ఆ తలంపు సరియైనది కాదు. తాజాదనము, చౌక ఈ రెండును ఒక్కచోట దొరకునది ఆ ఋతువునకు చెందిన కాయలయందే.

ఈ సంగతి మన పెద్దలకు అనుభవముచేత తెలిసియుండెను. తెలుగునాట ఆషాఢమాసమున మునగాకు వండుకొందురు. కార్తీకమున ఉసిరిక, సంక్రాంతి నాటికి చిక్కుడు, గుమ్మడి ఇంటింట కనబడును. వంగదేశమున కాళీపూజకు ముందునాడు పదునాలుగు విధముల ఆకుకూరలను కలిపి వండు ఆచారము కలదు. కేరళమున కర్కాటకమాసపు వానలలో పది విధముల ఆకులను ఏరి తెచ్చి కూర చేసికొందురు. పంజాబున చలిదినములలో ఆవాకు కూరయు, మొక్కజొన్న రొట్టెయు భుజింతురు. దేశము ఏదైనను, ఆ మాసమున నేల ఏమి ఇచ్చునో దానినే తినుట ఈ ఆచారములన్నిటిలోను కనబడు పద్ధతి.

ఇది రుచికి, ఖర్చునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేననుసరించి మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో ఉన్నారు. ఆరు నెలలు మొదలు ఐదేండ్ల లోపు బిడ్డలలో ఈ సంఖ్య నూటికి 67. ఇందులకు కారణములు పెక్కు. నులిపురుగులు, మలేరియా, అధిక రక్తస్రావము వానిలో కొన్ని. ఆహారమున ఇనుము చాలకపోవుట, తిన్న ఇనుము ఒంటబట్టకపోవుట ముఖ్యకారణములలోనివి. ఒంటబట్టకపోవుటను కొంతవరకు వంటయింటనే సరిదిద్దవచ్చును.

ఆకుకూరలోని ఇనుమునందు కొద్దిభాగమును మాత్రమే శరీరము గ్రహింపగలదు. సి విటమిను తోడైనచో ఆ భాగము పెరుగును. కావున తోటకూర పప్పు వడ్డించిన పళ్లెములోనే నిమ్మచెక్క పిండుకొనుటయో, భోజనానంతరము జామపండు తినుటయో మంచి అలవాటు. 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు మించిన సి విటమిను కలదు. పెద్దవారికి దినమునకు కావలసినది 65 మొదలు 80 మిల్లీగ్రాములు మాత్రమే. ఇంతటి పండు పెరటిలో రాలుచుండగా బిడ్డకు రంగునీటి సీసా కొనిపెట్టుట విచారింపదగిన సంగతి. భోజనము ముగియగనే కాఫీ, టీ త్రాగువారికి ఇనుము ఒంటబట్టుట తగ్గును; ఒక గంట ఆగి త్రాగుట మేలు. అయితే ఆకుకూర తినుచున్నామన్న కారణమున, గర్భిణులు ఆరోగ్యకేంద్రమున ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలను మానరాదు.

హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున ఒక చిన్న పరిశోధనశాలగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో పెద్దవారికి దినమునకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండవలెనని చెప్పినది. కాలము కాని కాయలను కొనుచు సామాన్య కుటుంబము ఇంత పరిమాణమును అందుకొనుట కష్టము.

వండునపుడు

కూరను కడిగిన పిమ్మట తరుగవలెనే గాని, తరిగిన పిమ్మట కడుగరాదు. తరిగిన ముక్కలను నీటిలో నానవేసినచో సి విటమినును, బి విటమినులును ఆ నీటిలోనికి దిగి, తుదకు తూమున కలియును. ఆకుకూరను పెద్దపాత్రలో నీరు పోసి, ముంచి, చేతితో పైకి తీసి, అడుగున చేరిన ఇసుకను పారబోసి, మరల మంచినీటితో అట్లే చేయవలెను. నీరు తేటగా కనబడువరకు మూడు నాలుగు మారులు పట్టవచ్చును. వానకాలమున ఈ పనికి తొందరపడరాదు, ఏలయన ఆ దినములలో మురుగునీరు తోటలకెక్కుట, దానివలన విరేచనములు వ్యాపించుట సాధారణము. కూరలను సబ్బుతోను, కుంకుడు రసముతోను కడుగుట మాత్రము కూడదు.

మూతపెట్టి, తక్కువ నీటితో, మెత్తబడునంతవరకే ఉడికింపవలెను. మిగిలిన నీటిని వార్చి పారబోయక చారులో కలిపికొనవచ్చును. మునగాకు, తోటకూర, గుమ్మడి మొదలగువానిలో ఎ విటమినుగా మారు పదార్థము కలదు. అది శరీరమునకు అందుటకు కొంచెము నూనె కావలెను. ఒక చెంచెడు నూనెతో పెట్టిన తాలింపు అందులకు చాలును.

కొందరు పప్పు త్వరగా ఉడుకుటకును, ఆకు పచ్చవన్నె నిలుచుటకును చిటికెడు తినే సోడా వేయుదురు. సోడా క్షారము. క్షారము తగిలిన ఆహారమున బి1 విటమినును, సి విటమినును వేగముగా నశించును. కంటికి ఇంపుగా కనబడు ఆ పచ్చదనము పోషణను తీసికొనిపోయి ఇచ్చిన పచ్చదనము. పప్పును ముందుగా నానవేసికొన్నచో సోడాతో పనియే ఉండదు.

ఋతువు దాటిన తరువాత ఉపయోగించుకొనుటకు ఊరగాయలు, ఒరుగులు, వడియములు పెట్టుట మనకు ప్రాచీనముగా వచ్చుచున్న నేర్పు. అయినను ఊరగాయలో ఉప్పు మిక్కుటము. దినమంతటికి ఒక మనిషికి ఉప్పు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆవకాయ అన్నమునకు తోడుగా ఉండవలసినదే కాని, కూరకు బదులుగా కాదు.

శుభ్రపరచునపుడు

పప్పులో కూడని సోడా తూమునొద్ద మిక్కిలి పనికివచ్చును. జిడ్డు పట్టిన పొయ్యిగట్టుపై తడిగుడ్డతో సోడా అద్ది రుద్దినచో జిడ్డు వదలును. కట్టెల బూడిదయందును ఇట్టి క్షారగుణమే కలదు. మన అవ్వలు దానితో అంట్లు తోముటకు ఇదియే కారణము. అయితే అల్యూమినియము పాత్రలకు బూడిద గాని, సోడా గాని తగిలింపరాదు. క్షారము ఆ లోహమును తినివేయును, పాత్ర నల్లబడును.

ఇత్తడి, రాగి పాత్రలకు పులుపు కావలెను. వాడిన చింతపండు పిప్పి, పిండిన నిమ్మచెక్క, పులిసిన మజ్జిగ వీనిలో దేనికైనను కొంచెము ఉప్పు చేర్చి తోమినచో చిలుము కరగి పాత్ర మెరయును. ఇచ్చట ఒక సంగతి గుర్తింపదగినది. చింతపండు ఏ గుణముచేత చిలుమును కరగించునో, ఆ గుణముచేతనే కళాయి లేని ఇత్తడిపాత్రలో కాచిన పులుసు రాగిని తనలోనికి లాగుకొనును. అట్టి పులుసు తిన్నవారికి కడుపునొప్పి, వాంతులు కలుగును. కావున కళాయి అరిగిన పాత్రను తోముటకు చింతపండు వాడవచ్చును గాని, ఆ పాత్రలో చింతపండు ఉడికింపరాదు, మజ్జిగ నిలువయుంచరాదు.

ఇదే కారణమున తాండూరు, షాబాదు, కడప రాళ్లు పరచిన నేలను నిమ్మరసముతో గాని, వెనిగరుతో గాని తుడువరాదు. అవి సున్నపురాళ్లు; పులుపు తగిలినచోట నిగారింపు పోయి గరుకు మచ్చలు పడును. పాలరాతికిని ఇదే ముప్పు కలదు. ఆ నేలలకు పలుచని కుంకుడు నీరు తగియుండును.

కుంకుడు రసమును చేసికొను పద్ధతి సులభము. 100 గ్రాముల కుంకుడుకాయలను పగులగొట్టి, గింజలు తీసివేసి, తొక్కలను ఒక లీటరు నీటిలో రాత్రియంతయు నానవేయవలెను. ఉదయము సన్నని మంటపై పావుగంట మరగించి, చల్లారిన పిమ్మట చేతితో పిసికి, గుడ్డలో వడకట్టవలెను. ఈ రసము పట్టుచీరలకు, ఉన్నిబట్టలకు, రంగుబట్టలకు అనుకూలము. తెల్లని బట్టలకు మాత్రము కొంచెము గోధుమవన్నె అంటవచ్చును. పాత్రలు, గచ్చు కడుగుటకు ఒక బకెట్టు నీటిలో ఒక గ్లాసెడు చాలును. బయట రెండు దినములకంటె నిలువయుండదు, పులిసి వాసన వేయును. కావున కొద్దికొద్దిగా చేసికొనుట మంచిది.

ప్రకృతిసిద్ధమైన వస్తువనగనే అది హానిలేనిదని భావింపరాదు. కుంకుడు నురుగు కంటబడినచో తీవ్రముగా మండునని తలంటుకొన్న ప్రతివారికిని తెలియును. ఆ నురుగును పుట్టించు సాపోనినులు చేపలకు విషము. చేపలున్న చెరువులోనికి ఈ నీటిని పారబోయరాదు.

సోడాను, వెనిగరును కలిపి వాడుట ఇటీవల కొందరికి వేడుక. పొంగి నురుగు లేచుట చూచి అది బలమైన మందని భ్రమపడుదురు. నిజమునకు ఆ పొంగు బొగ్గుపులుసు వాయువు పోవుట మాత్రమే. క్షారము, ఆమ్లము ఒకదానినొకటి చంపుకొని, మిగులునది ఇంచుమించు ఉప్పునీటి వంటిది. రెండింటిని వేరువేరుగా వాడినప్పుడే వాని ప్రయోజనము.

మురికి, క్రిములు

ఇంతవరకు చెప్పిన వస్తువులు మురికిని, జిడ్డును, చిలుమును తొలగించును. రోగక్రిములను నిశ్చయముగా చంపునవి మాత్రము కావు. వేపాకు నీరు, పసుపు నీరు చల్లినంతమాత్రమున క్రిములు నశించినవని విశ్వసింపరాదు. మలవిసర్జన తరువాత, వంటకు ముందు, బిడ్డకు తినిపించుటకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. బూడిద సబ్బుతో సమానమని నిర్ధారణ కాలేదు. సబ్బు దొరకనిచోట దానిని వాడుట ఏమియు వాడకుండుటకంటె మేలుగా భావింపవచ్చును.

ఇంటిలో ఎవరికైనను వాంతులు, విరేచనములు పట్టుకొన్నపుడు నేలకు బ్లీచింగు పొడి అవసరమగును. 33 శాతము క్లోరిను గల తాజా పొడి 15 గ్రాములు ఒక లీటరు నీటిలో కలిపిన ద్రావణమును, మాలిన్యమును తుడిచిన చోట పోసి, పది నిమిషములు ఉంచి కడుగవలెను. మూత సరిగా లేని డబ్బాలో నిలువయున్న పొడి బలహీనపడియుండును. ఈ ద్రావణమున నిమ్మరసము గాని, వెనిగరు గాని, మరుగుదొడ్డి కడుగు ఆమ్లము గాని ఎట్టి పరిస్థితిలోను కలుపరాదు. కలిపినచో క్లోరిను వాయువు వెలువడి ఊపిరితిత్తులను దెబ్బతీయును. కిటికీ లేని స్నానపుగదిలో ప్రాణాపాయము కలుగవచ్చును.

ఇంట చేసిన రసములను శీతలపానీయపు సీసాలలోను, మంచినీటి సీసాలలోను పోసియుంచుట అనేక గృహములలో కనబడుచున్నది. దప్పిగొన్న బిడ్డకు లోపలనున్నది కుంకుడు రసమో, బ్లీచింగు నీరో తెలియదు. వానికి వేరు డబ్బా ఏర్పరచి, పేరు వ్రాసిన చీటీ అంటించి, బిడ్డకందని ఎత్తున పెట్టవలెను. బ్లీచింగు నీరుగాని, ఆమ్లముగాని బిడ్డ మ్రింగినట్లు తెలిసినచో వాంతి చేయింపరాదు. దిగునప్పుడు కాల్చిన ద్రవము తిరిగి పైకి వచ్చునపుడు మరల కాల్చును. నోటిని నీటితో కడిగి, ఆ సీసాను కూడ వెంటగొని, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.