వరద బాధితులకు ఏం పంపాలి?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాళ్లం వరద బాధితుల కోసం బట్టలు, సామాన్లు సేకరిద్దామనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ముందు అక్కడి వార్డు సచివాలయానికో, పంచాయతీ కార్యదర్శికో ఫోన్ చేసి ఏం కావాలో అడగండి. అవసరం రోజురోజుకీ మారిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మొదట కావలసింది తాగునీళ్లు, పాలు, తిండి. నీళ్లు తీశాక ఇళ్లలో బురద కడుక్కోవాలి కదా, అప్పుడు చీపుర్లు, బకెట్లు, బ్లీచింగ్ పౌడరు.

చిరిగిన బట్టలు నిర్మొహమాటంగా వెనక్కివ్వండి. లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు కొత్తవే కొనండి. నోరు తెరిచి అడగడానికి ఆడవాళ్లు ఇబ్బంది పడతారు. ప్రతి మూట మీదా లోపల ఏమున్నాయో, ఎన్నున్నాయో ‘నైటీలు, 20’ అన్నట్టు పెద్దక్షరాలతో రాయండి. లారీ దగ్గర మూటలు విప్పి వెతికే తీరిక ఎవరికీ ఉండదు. కొనడానికి పోగుచేసిన డబ్బు లెక్క రోజూ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. సాయం అందుకునేవాళ్ల ఫొటోలు మాత్రం దయచేసి తీయకండి.